కథా పాత్రల వేషాల సెట్టు: దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి వద్దు

పుస్తకం మూసీ మూయగానే పిల్లలు అందులోని పాత్రలైపోతారు. భుజాన దుప్పటి పడితే రాజు, చేతికి గరిటె దొరికితే మాంత్రికుడు. ఈ సరదాను చూసుకునే కథల పుస్తకంతో పాటు వేషాన్ని కూడా ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. పెట్టె మీద పేర్లు ఏవైనా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే: పల్చటి పుస్తకం, భుజాల మీంచి వీపు మీదికి వేలాడే సాటిన్ కేప్, అట్ట మాస్కు, కిరీటం, లైటు వెలిగే మంత్రదండం, ఫోమ్ కత్తి, కొన్నిట్లో పెట్టుడు గడ్డం. పెద్ద సెట్లలో ఒళ్లంతా కప్పే సూటు కూడా ఉంటుంది. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఈ రకం సెట్టుది.

వీటిని చూసేటప్పుడు ఒకటే గీటురాయి పెట్టుకోవచ్చు. పిల్లలు తమంతట తామే వేసుకుని, తమంతట తామే తీసేయగలగాలి. కథల ఆటలో పాత్ర ఎక్కువసేపు నిలవదు. ఇప్పుడు తోడేలుగా గర్జిస్తున్నవాడు, తోడేలు చావగానే వేటగాడైపోతాడు. మారిన ప్రతిసారీ జిప్పు కోసం పెద్దవాళ్లను కేకేయాల్సి వస్తే ఆట అక్కడే తెగిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది: సులువుగా ఊడొచ్చే వేషం దేనికైనా తగులుకున్నా మనిషిని పట్టి ఉంచదు.

ఈ లెక్కన ఫుల్ సూటు మొదటి మెట్టు మీదే తప్పిపోతుంది. జిప్పు వీపు వెనకుంటుంది, పిల్లల చెయ్యి అందదు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే మొత్తం విప్పాలి, ఆ కంగారులోనే నడుము దగ్గర కుట్టు పోతుంది. పైగా దాని మీద ఒకే పాత్ర ముద్ర వేసి ఉంటుంది కాబట్టి ఆ పుస్తకం మీద మోజు తీరగానే సూటు పనీ తీరుతుంది. ఫొటో కోసం, స్కూల్లో ఒకరోజు వేషం కోసం అయితే సరే. ఆట కోసం మాత్రం వద్దు.

సెట్టు మొత్తంలో ఎక్కువగా వాడేది కేప్. తయారుచేసేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేదీ దాన్నే. మెడ దగ్గర కట్టుకునే తాడున్న కేప్‌ని ఎంత బాగున్నా పక్కన పెట్టండి. తలుపు గడియకో, జారుడుబల్ల అంచుకో తగులుకుంటే ముడి బిగుస్తుందే తప్ప ఊడదు. వెల్క్రో, అంటే నొక్కితే ఒకదానికొకటి అతుక్కునే గరుకు, మెత్తని పట్టీల జత, ఉన్నదే తీసుకోవాలి, కానీ వెల్క్రో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అంచు పట్టుకుని పైకి లేపితే వెల్క్రో చిటికెలో వస్తుంది. అదే, అతికిన రెండు ముక్కల్నీ చెరోవైపు అడ్డంగా గుంజితే మొండికేస్తుంది. వెనక నుంచి కేప్ లాగినప్పుడు గొంతు ముందున్న వెల్క్రో మీద పడేది ఈ రెండో రకం బలమే. అందుకని అక్కడ వేలెడంత పట్టీ ఉంటే ప్రమాదం. రెండు సెంటీమీటర్ల ముక్క చాలు, ఎక్కువుంటే కత్తిరించేయండి. కేప్‌ని కుర్చీ వీపుకి తొడిగి, వెనక నుంచి రెండు వేళ్లతో లాగి చూడండి. కుర్చీ కదలకుండా కేప్ చేతిలోకి రావాలి.

ఇంతకంటే మంచి పద్ధతి, మెడ కట్టును పూర్తిగా తీసేయడం. ఓ పాత బనీను భుజాల మీద చెరో వెల్క్రో ముక్క, కేప్ పై అంచున వాటికి జోడీలు కుట్టండి. లాగితే అంచు నుంచి లేస్తూ ఊడిపోతుంది, గొంతును అసలు తాకదు. మెడ దగ్గరే ఉంచుకుంటామంటే ఒక చిన్న సంగతి చూడాలి. పైన పడే ముక్క మెత్తనిది, కింద ఉండేది గరుకుది కావాలి. పిల్లలు ఎప్పుడూ కాస్త వంకరగానే అతికిస్తారు, పై ముక్క గరుకుదైతే మిగిలిన అంచు మెడని గీరుతుంది. చాలా సెట్లలో ఇది తిరగేసి ఉంటుంది. కేప్ వేసుకోనని పిల్లలు మారాం చేస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పొడవు విషయానికొస్తే, "3 నుంచి 8 ఏళ్లు, అందరికీ ఒకే సైజు" అన్న మాట నమ్మకండి. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులో నాలుగు వేళ్లు తగ్గించండి. నిలబడితే పొట్టిగా అనిపిస్తుంది కానీ, గొంతుక్కూర్చున్నప్పుడు, మెట్లెక్కేటప్పుడు కాళ్ల కింద పడదు. మిగిలిన గుడ్డతో లోపలివైపు ఒక జేబు వేస్తే ఇంకా మంచిది. ఉత్తరమో, తాళంచెవో, నిధి పటమో దాచుకోని పాత్ర కథల్లో అరుదు. అయినా ఈ సెట్లు తయారుచేసేవాళ్లకి జేబన్న ఆలోచనే రాదెందుకో!

మాస్కుల్లో ముఖమంతా కప్పేవాటి కంటే ముక్కు దాకా వచ్చే సగం మాస్కులే నయం. నోరు మూసేస్తే తోడేలు మాట్లాడేదెలా? మాటల్లేకపోతే ఆటలో సగం పోయినట్టే. నిండు మాస్కులో ఊపిరి చెమ్మకి గడ్డం దగ్గర అట్ట ముందుగా మెత్తబడి ముడుచుకుపోతుంది కూడా. కంటి రంధ్రాలు చిన్నవైతే పక్కలు, పాదాలు కనపడవు, పరిగెత్తేటప్పుడు గుమ్మాలకు కొట్టుకుంటారు. రంధ్రాల్ని కనుబొమల దాకా, బుగ్గల దాకా పెద్దవి చేయడానికి సందేహించొద్దు, మాస్కు అందం ఏమీ పోదు.

ఎలాస్టిక్‌ని స్టేప్లర్ పిన్నుతో కొట్టి ఇచ్చారంటే కొన్నాళ్లకు అట్ట చిరిగిందన్నమాటే. పైగా పిన్ను మొన కణత దగ్గర గుచ్చుకుంటుంది. పిన్ను పీకేసి, అంచుకు ఒక సెంటీమీటరు లోపల రెండు వైపులా టేపు అంటించి, ఆ టేపు మీదుగా రంధ్రం చేసి ఎలాస్టిక్‌ని ముడేయండి. గుండ్రటి సన్న తాడు చెవి వెనక కోస్తుంది, ఆరు మిల్లీమీటర్ల చదును పట్టీ కోయదు. అయిదేళ్ల పిల్లల తల చుట్టుకొలత దాదాపు 51 సెంటీమీటర్లుంటుంది. అందులోంచి మాస్కు వెడల్పు తీసేసి, మిగిలిన దానికి రెండు సెంటీమీటర్లు తక్కువగా ముడేస్తే జారదు, నొక్కదు.

కిరీటం ఫెల్ట్‌దై, వెనక ఎలాస్టిక్ ఉంటే చాలు. పెట్టుడు గడ్డం అక్కర్లేదు. దాని పోగులు నోట్లోకి రాలతాయి, అన్నిటికంటే త్వరగా నిప్పంటుకునేదీ అదే. యూరప్ బొమ్మల భద్రతా ప్రమాణం ఈఎన్ 71లో రెండో భాగం మంట గురించే. గడ్డాలు, విగ్గులు, మాస్కులు, వేషాల బట్టలు దాని కిందికి వస్తాయి. మన దేశంలో బొమ్మలకు వర్తించేది ఐఎస్ 9873. అయితే మంట పరీక్ష నెగ్గిందంటే ఆ గుడ్డ అంటుకోదని కాదు, మంట మరీ వేగంగా పాకదని మాత్రమే. పాలిస్టర్ సాటిన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కాబట్టి భద్రతా ప్రమాణం ముద్ర ఉన్నా, కొవ్వొత్తులు వెలిగించి ఉన్న గదిలో కేప్ వేసుకుని తిరగనివ్వకూడదు.

మంత్రదండంలో లైటుంటే చాలావరకు అందులో బటన్ సెల్, అంటే గుండీలాంటి చిన్న బ్యాటరీ, ఉంటుంది. మింగితే ఆహారనాళాన్ని రెండు గంటల్లోనే కాల్చేయగలదు. మూతకి స్క్రూ లేకపోయినా, గోటితో తీస్తే వచ్చినా ఆ దండం ఇంట్లోకే రానివ్వకండి. నిజానికి లైటు వల్ల ఆటకి ఒరిగేదేమీ లేదు. మంత్రం వేసేది నోరు కదా!

ఫోమ్ కత్తి కొనేముందు మొనను వేళ్లతో నొక్కండి. కొన్నిట్లో వంగకుండా ఉండేందుకు లోపల ప్లాస్టిక్ కడ్డీ పెడతారు. ఫోమ్ అరిగితే అది బయటికి పొడుచుకొస్తుంది. పిడి, అలుగు కలిసేచోట ఊడితే కాంటాక్ట్ గమ్ రెండు ముఖాలకీ పల్చగా రాసి, తడి ఆరి వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. తడి మీదే అతికిస్తే నిలవదు. ఈ పని కిటికీలు తీసిపెట్టి పెద్దవాళ్లే చేయాలి.

ఇక అసలు సంగతి, పుస్తకం. సెట్టులో అన్నిటికంటే నాసిరకం ఇదే. కథని కుదించేటప్పుడు ముందు కోసేసేది సంభాషణల్ని. "తోడేలు వచ్చింది. పిల్లలు భయపడ్డారు. తోడేలు పారిపోయింది." ఇందులో తోడేలైన పిల్లవాడు అనడానికి ఒక్క మాటైనా ఉందా? పిల్లలు పాత్రని పట్టుకునేది మాటతోనే. తలుపు తట్టే మాట, బెదిరించే మాట, మళ్లీ మళ్లీ వచ్చే పాట చరణం, ఇవి ఉంటే కేప్ లేకపోయినా ఆట నడుస్తుంది. అందుకని పెట్టెలోని పుస్తకాన్ని చూసి సెట్టు ఎంచుకోకండి. పిల్లలు ఇప్పటికే పదిసార్లు చదివించుకున్న పుస్తకం ఏదో చూసి, అందులో ఎవరు ఏం పట్టుకుంటారో, ఏం తొడుక్కుంటారో ఆ వస్తువులు ఒకటో రెండో విడిగా కొనండి.

ఈ రకాల్లో కళ్లు మూసుకుని కొనదగ్గది డిటెక్టివ్ సంచి. బట్టల గొడవ లేదు, సైజు గొడవ లేదు. భూతద్దం, చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, టేపు కొలబద్ద ఉంటే చాలు. వేలిముద్రల పొడి అని ఇచ్చేది ముక్కులోకి పోతుంది, తీసి దాచేయండి. ఎండ పడే కిటికీ దగ్గర భూతద్దాన్ని వదిలేయకూడదు, కాగితం అంటుకోవచ్చు. సంచికి పొడవాటి పట్టీ ఉంటే మెడలో వేసుకునేది కాకుండా నడుముకు క్లిప్పుతో పెట్టుకునేలా మార్చండి.

కేప్ ఉతికేముందు వెల్క్రో మూసేయాలి. తెరిచి వేస్తే దాని కొక్కేలు సాటిన్ దారాల్ని లాగేస్తాయి, ఒక్క ఉతుకుకే గుడ్డంతా గీతలు పడుతుంది. చల్లనీళ్లు, లోపలి భాగం బయటికి తిప్పి ఉతకడం, నీడన ఆరబెట్టడం. ఇస్త్రీ తప్పదంటే పైన పాత నూలుగుడ్డ పరిచి తక్కువ వేడి మీద. గ్లిట్టర్ అద్దినదైతే మిగతా బట్టల్లో కలపకండి.

దాచేందుకు మూతున్న పెట్టె వద్దు. దాంట్లో దూరి దాక్కునే ప్రమాదం ఉంది, మూత వేళ్ల మీద పడుతుంది కూడా. పిల్లల భుజమెత్తులో నాలుగు కొక్కేలు, కింద మూతలేని బుట్ట సరిపోతాయి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం కిరీటానికి అతికించిన రాళ్లు, గుండీలు ముందే పీకేసి, ఆ తర్వాతే కిరీటాన్ని బుట్టలో వేయండి.