వేరుశనగకు రైజోబియం పొట్లం: నిరుడు బొగ్గుపొడి, ఈ ఏడు పనిచేసింది

రైజోబియం అంటే వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా; దాని పొడిని విత్తే ముందు గింజలకు పట్టిస్తారు. నిరుడు పట్టణంలో ఒక ఎరువుల దుకాణంలో మూడు పొట్లాలు కొన్నాను. రేకుల కప్పు కింద ఎండకు ఉడికిపోతున్న పై అరలోంచి తీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే గడువు తేదీ మీద ధర చీటీ అంటించి ఉంది. గోటితో గీకితే గడువు దాటి రెండు నెలలు. డబ్బు పోశాను కదా అని వాడాను. నలభై రోజులకు మొక్కలు పీకి చూస్తే, పట్టించిన సాలుకూ పట్టించని సాలుకూ తేడా లేదు. అందులో ఉండాల్సింది బతికున్న బాక్టీరియా. గ్రాముకు కనీసం 5 కోట్లు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. నాకు దక్కింది వట్టి నల్ల పొడి.

ఈ ఏడు ప్రభుత్వ ప్రయోగశాలలో తయారైనవి తెచ్చాను. 200 గ్రాముల పొట్లం 40 రూపాయలు. పది కిలోల విత్తనానికి ఒకటి, అరెకరానికి మూడు సరిపోయాయి. తడి గుడ్డలో చుట్టి బస్సులో నీడ పక్కన కూర్చుని తెచ్చాను. ఇంట్లో నీళ్ల కుండ పక్కన పెడితే మా అత్తమ్మ, "ఈ మసికి డబ్బులిచ్చావా అమ్మాయ్" అన్నారు. విప్పితే మాత్రం తొలివాన పడ్డ మట్టి వాసన.

పట్టించడంలోనే ఉంది చిక్కంతా. పొట్లం మీద బెల్లం నీళ్లతో కలపమని ఉంటుంది కానీ, వేరుశనగ గింజ పైపొర ఎంత పలచనో రాయలేదు. తొలి విడతలో నీళ్లు ఎక్కువై, చేత్తో రుద్దేసరికి ఎర్రపొర ఊడి పప్పులు రెండుగా విడిపోయాయి. ఆ రెండు కిలోలు వేయించుకుని తిన్నాం. తర్వాత బెల్లం నీళ్లు చిలకరించి, పొడి చల్లి, గోనెపట్టా నాలుగు కొసలూ పట్టుకుని అటూ ఇటూ దొర్లించాం. గింజ గింజకీ నల్లగా పట్టింది. నీడలో ఆరబెట్టి ఆ పూటే విత్తాం. తెగుళ్ల మందు ముందురోజే పట్టించి ఆరనిచ్చాను. రెండూ ఒకేసారి కలిపితే మందు బాక్టీరియాను కూడా చంపుతుంది.

మాది కదిరి దగ్గర ఎర్ర నేల, జానెడు తవ్వితే గరుసు. ఏటా వేరుశనగ వేసే చేనులో పెద్ద తేడా కనబడలేదు, అక్కడ ఆ బాక్టీరియా మట్టిలో ఎలాగూ ఉంటుంది. ఎండిపోయిన చీనీ (బత్తాయి) తోట కొట్టేసిన అరెకరంలోనే అసలు సంగతి తెలిసింది. అక్కడ పట్టించకుండా వదిలిన నాలుగు సాళ్లు నెల దాటేసరికి పాలిపోయాయి, పక్కవి ముదురాకుపచ్చగా నిలిచాయి. మొక్కను పీకకుండా పారతో మట్టితో సహా లేపి బకెట్లో కడిగాను. పక్క వేళ్లు పుట్టే ప్రతి కణుపు దగ్గరా ఆవగింజంత బుడిపెలు. ఒకటి గోటితో నొక్కితే లోపల లేత ఎరుపు. ఆ రంగు ఉంటేనే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందని అర్థం. వదిలేసిన సాళ్లలో బుడిపెలు అరకొర, కోస్తే తెలుపు.

భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా పొట్లం కూడా తెచ్చి పశువుల ఎరువులో కలిపి చల్లాను. దాని పని కంటికి కనబడదు కాబట్టి ఏమీ చెప్పను.

దిగుబడి ఎంత తేడా వచ్చిందని అడగకండి. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయంలో మూడు వారాలు చినుకు లేదు, దానికి ఏ పొట్లమూ ఆసరా కాదు. కాయలు తూచి చూద్దామనుకున్న వారంలో అడవిపందులు పడి, ముందుగా నేను గుర్తు పెట్టిన నాలుగు సాళ్లే దున్నేశాయి. యూరియా మాత్రం ఆ అరెకరంలో చిటికెడు కూడా వేయలేదు.

అయిదుకు నాలుగు. ఒకటి తగ్గించింది దొరకనందుకు. కందికి వేరే పొట్లం కావాలని మొన్న అడిగితే, ఇప్పుడు తీసుకెళ్లి దాచుకుంటే చచ్చిపోతాయి, విత్తే ముందు రమ్మన్నారు. పోను రాను బస్సు ఛార్జీ మూడు పొట్లాల ధర కంటే ఎక్కువ.