వానాకాలం రూపమా, పొడి కాలం రూపమా: పెరటి సీతాకోకచిలుకలను ఫోటోలో గుర్తించడంపై నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. సీతాకోకచిలుక జాతి పేరు తెలుసుకోవడానికి చాలాసార్లు ఫోన్ యాప్ సరిపోతుంది. కొన్ని జాతులు వానాకాలంలో ఒకలా, పొడి కాలంలో ఇంకోలా కనిపిస్తాయి; ఫోటోలో ఉన్నది ఏ కాలపు రూపమో తేల్చాలంటే మాత్రం ఫోటోను మనమే చదవాలి. హైదరాబాద్‌లో మా పెరటి ఫోటోలను కొన్నేళ్లుగా ఐనేచురలిస్ట్‌లో (జీవుల ఫోటోలు పెట్టి, పేర్లు తేల్చుకునే వేదిక) పెడుతూ, ‘బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా’ వెబ్‌సైట్‌లోని ఫోటోలతో పోల్చుకుంటూ వచ్చాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

కొత్తవాళ్లు పీకాక్ పాన్సీతో మొదలుపెడితే మంచిది. దాని రెక్కల పైభాగం ఏడాదంతా నారింజ రంగే, పెద్ద కంటి మచ్చలూ ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి రెక్కలు విప్పినప్పుడు తీసిన అందమైన ఫోటో కన్నా, మూసినప్పుడు తీసిన ఫోటో ఎక్కువ పనికొస్తుంది. వానాకాలం రూపానికి అడుగున కూడా కంటి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. పొడి కాలం రూపంలో అవి దాదాపు మాయమై, ఎండుటాకు రంగు మీద ఈనె లాంటి గీత ఒకటి మిగులుతుంది. ముందు రెక్క కొన వంపు తిరుగుతుంది, వెనక రెక్కకు ఆకు కాడ లాంటి చిన్న తోక వస్తుంది. నేను రంగు కన్నా ఈ అంచుల ఆకారాన్నే ఎక్కువ నమ్ముతాను. సాయంత్రం వెలుతురులో, ఫోన్ కెమెరా రంగులు పెంచినప్పుడు గోధుమ రంగు కాస్తా ఎరుపు అయిపోతుంది.

కామన్ ఈవెనింగ్ బ్రౌన్ దగ్గర యాప్‌లకు అసలు పరీక్ష. దీని పొడి కాలం రూపంలో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు: ఒకటి బూడిద రంగు, ఒకటి ఇటుక రంగు, ఇంకోదాని మీద నల్ల మచ్చలు. ఒక యాప్ అయితే దాన్ని ఎండుటాకు అనే చూపించింది! నాకు కోపం రాలేదు, ఆ వేషం ఉన్నదే అందుకు. పొడి కాలంలో రాలిన ఆకుల్లో కదలకుండా ఉండేదానికి దాక్కోవడమే రక్ష. వానల్లో చురుకుగా తిరిగేదానికి రెక్క అంచున కంటి మచ్చలుంటే, పిట్టో బల్లో శరీరాన్ని వదిలేసి అంచును కొరుకుతుంది.

ఈ రూపం సీతాకోకచిలుక బయటికి వచ్చాక మారేది కాదు. ఆఫ్రికాకు చెందిన బైసైక్లస్ అనినానా అనే సీతాకోకచిలుక మీద చేసిన ప్రయోగాల్లో, గొంగళి పురుగు చివరి దశలో తగిలిన వేడే దీన్ని చాలావరకు నిర్ణయిస్తుందని తేలింది. 27 డిగ్రీల దగ్గర పెంచితే పెద్ద కంటి మచ్చలు, 20 కన్నా తక్కువైతే చాలా చిన్నవి. అందుకే అక్టోబర్, నవంబర్ నెలల్లో ఒకే పెరట్లో రెండు రూపాలూ, మధ్యరకాలూ కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబర్ నుంచే కాబట్టి హైదరాబాద్ నెలల లెక్క అక్కడ పెట్టకండి.

కామన్ గ్రాస్ ఎల్లో కాస్త సులభం. పొడి కాలంలో రెక్క అడుగున తుప్పు రంగు మచ్చలు ఎక్కువవుతాయి. అలాగని రంగులో ప్రతి తేడానూ కాలానికి అంటగట్టకూడదు. కరివేపాకు మీద గుడ్లు పెట్టే కామన్ మోర్మన్ ఆడవి రకరకాలుగా ఉంటాయి. కొన్ని మగవాటిలాగే ఉంటే, కొన్ని విషం ఉన్న రోజ్ సీతాకోకచిలుకలను అనుకరిస్తాయి. దానికీ వానకూ సంబంధం లేదు.

ఐనేచురలిస్ట్‌లో నాకు బాగా నచ్చింది, ఫోటోతో పాటు తేదీ, చోటు నిలిచిపోవడం, ఆపైన మనుషులు చూసి సరిచేయడం. రూపాన్ని నేను నోట్స్‌లో డబ్ల్యూఎస్‌ఎఫ్ (వానాకాలం రూపం), డీఎస్‌ఎఫ్ (పొడి కాలం రూపం) అని రాసుకుంటాను. మెసేజింగ్ యాప్‌లో తిరిగొచ్చిన ఫోటోలను ఈ పనికి వాడను, వాటిలో అసలు తేదీ చాలాసార్లు పోతుంది. తేదీ లేని ఫోటోతో రూపం పేరు చెప్పొచ్చు గానీ, అది ఏ నెలలో వచ్చిందన్న అసలు సమాచారం దొరకదు.

ఏటా సెప్టెంబర్‌లో, దేశమంతా సీతాకోకచిలుకలను చూసి నమోదు చేసే బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుగుతుంది కాబట్టి చాలామంది అప్పుడే కెమెరా పట్టుకుంటారు. మా వైపు అప్పుడు దొరికేవి ఎక్కువగా వానాకాలం రూపాలే. దయచేసి జనవరి, ఫిబ్రవరిలో కూడా అదే పెరట్లో రాలిన ఆకుల దగ్గర ఫోటోలు తీయండి, రెక్కలు మూసి ఉన్నప్పుడు, పక్కనుంచి.