క్యాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్: కోణాల లెక్కలకి ఎలా ఉంది?

సివిల్ డిప్లొమా పిల్లలు, సర్వే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏ క్యాలిక్యులేటర్ కొనాలి అని అడుగుతూనే ఉంటారు, నేను ఎప్పుడూ ఇదే చెప్తాను, అదీ కోణాల కోసమే. మ్యాట్రిక్స్‌లు, ఇంటిగ్రేషన్లు కూడా బాగానే చేస్తుంది గానీ వాటి మీద రివ్యూలు బోలెడు ఉన్నాయి. డిగ్రీ, రేడియన్, గ్రేడ్, కోణాన్ని కొలిచే ఈ మూడు యూనిట్ల మధ్య మార్చుకోడానికి ఇది ఎంత పనికొస్తుందో ఎవరూ సరిగ్గా రాయట్లేదు, అందుకే ఇది.

ముందు సైన్ బటన్ ఉన్న వరసలోనే ఉండే °′″ బటన్ గురించి చెప్పాలి, నా దృష్టిలో మెషీన్ మొత్తంలో ప్రాణం అదే. కోణాలు కొలిచే థియోడలైట్‌తో నాలుగు మూలల ట్రావర్స్ (స్థలం చుట్టూ ఒక్కో మూల కొలుచుకుంటూ తిరిగొచ్చే సర్వే) చేశారనుకోండి, లోపలి కోణాలు 92°14′20″, 88°36′40″, 90°51′20″, 88°17′20″ వచ్చాయి. వీటిని కాగితం మీద కూడాలంటే సెకన్లు అరవైకి, నిమిషాలు అరవైకి మోసుకుంటూ పోవాలి, ఎండలో నిలబడి చేస్తే ఎక్కడో తప్పు పడిపోతుంది. ఇందులో ప్రతి అంకె తర్వాత °′″ నొక్కుకుంటూ మామూలు కూడికలాగే కొట్టేస్తే 359°59′40″ అని వస్తుంది. 360 రావాలి కాబట్టి 20 సెకన్లు తక్కువ, ఒక్కో కోణానికి 5 సెకన్లు కలుపుకోండి, అయిపోయింది. జవాబు వచ్చాక అదే బటన్ ఇంకోసారి నొక్కితే డెసిమల్ డిగ్రీల్లోకి మారుతుంది, మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి, 17°23′ ని దయచేసి 17.23 అని కొట్టకండి. 17.23 డిగ్రీలంటే 17°13′48″. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17°23′ కదా, దాన్ని అలా కొడితే మీ పాయింట్ దక్షిణానికి 17 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఫోన్‌లో జీపీఎస్ చాలాసార్లు డెసిమల్‌లో చూపిస్తుంది, పాత మ్యాపుల్లో నిమిషాలు సెకన్లు ఉంటాయి, ఈ రెంటి మధ్య తిరిగేవాళ్లకి ఈ బటన్ లేకపోతే కష్టం.

ఇక రేడియన్, గ్రేడ్. షిఫ్ట్, ఆన్స్ నొక్కితే డీఆర్‌జీ మెనూ వస్తుంది, అందులో 1 డిగ్రీ, 2 రేడియన్, 3 గ్రేడ్. చాలామంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే అక్కడ మీరు ఎంచుకునేది రావాల్సిన యూనిట్ కాదు, మీరు కొట్టిన అంకె ఏ యూనిట్‌లో ఉందో అది. రావాల్సింది సెటప్‌లో ఉన్న యూనిట్‌లోనే వస్తుంది. క్యాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉంటే, బ్రాకెట్‌లో పై బై 2 కొట్టి డీఆర్‌జీలో 2 ఎంచుకుంటే 90 వస్తుంది, 50 కొట్టి 3 ఎంచుకుంటే 45 వస్తుంది. ఒకసారి ఇది బుర్రకెక్కితే ఇంక మర్చిపోరు, కానీ మెనూలో ఆ సంగతి స్పష్టంగా చెప్పి ఉంటే బాగుండేది.

గ్రేడ్ మనకెందుకు అంటారా, టోటల్ స్టేషన్లలో (కోణం, దూరం రెండూ కొలిచే ఎలక్ట్రానిక్ సర్వే యంత్రాలు) ఆ సెట్టింగ్ ఉంటుంది, గాన్ అని కనిపిస్తుంది, లంబకోణం 90 బదులు 100, చుట్టు మొత్తం 400. ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో అన్నీ పదుల్లోకి మార్చాలని చూసినప్పుడు వచ్చింది. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా పదివేల కిలోమీటర్లు అని మీటర్‌ని కట్టారు కాబట్టి ఒక గ్రేడ్ అంటే నేల మీద వంద కిలోమీటర్లు, ఎంత పొందికగా ఉందో చూడండి. అయినా మన దగ్గర పని అంతా డిగ్రీల్లోనే.

ట్రావర్స్ చేసేవాళ్లకి పోల్ అనే ఫంక్షన్ కూడా చాలా ఉపయోగం. లాటిట్యూడ్ (సర్వేలో ఇది అక్షాంశం కాదు, ఉత్తరానికి ఎంత జరిగామో అది), డిపార్చర్ (తూర్పుకి ఎంత జరిగామో అది) ఇస్తే దూరం, బేరింగ్ (ఉత్తరం నుంచి కొలిచే దిశ కోణం) రెండూ ఇచ్చేస్తుంది. కాకపోతే కోణం మైనస్ 180 నుంచి 180 లోపే చూపిస్తుంది, బేరింగ్ 300 రావాల్సిన చోట మైనస్ 60 వస్తుంది, 360 కలుపుకోవాలి. ఆ కోణం వై మెమరీలో ఉంటుంది, దాన్ని పిలిచి 360 కలిపి °′″ కొడితే నేరుగా ఫీల్డ్ బుక్‌లో రాసేసుకోవచ్చు.

నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటుంది, తీరిగ్గా ఉన్నప్పుడు చేసి చూడండి. 180 ని పై తో భాగిస్తే ఒక రేడియన్, అంటే 57°17′44.81″. అదే డెసిమల్‌ని 60 తో గుణిస్తే 3437.75 నిమిషాలు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే తన జ్యా (అంటే సైన్) పట్టికకి వ్యాసార్ధం 3438 కళలు (అంటే మన నిమిషాలే) తీసుకున్నాడు, ఇదే అంకె! ఆ పట్టికలో మొదటి విలువ 225, మీరు 3438 ఇంటూ సైన్ 3°45′ కొడితే 224.86 వస్తుంది. చేతిలో మెషీన్ ఉండి మనం చేసేది ఆయన ఏ మెషీనూ లేకుండా చేశాడు, పిల్లలకి ఇది తప్పకుండా చూపించాలి.

లోపాలు కూడా చెప్పాలి. యూనిట్లు మార్చే కన్వర్షన్ లిస్టులో అంగుళాలు, ఎకరాలు, హార్స్‌పవర్ అన్నీ కలిపి 40 ఉన్నాయి, కోణం ఒక్కటీ లేదు. ఏ మోడ్‌లో ఉన్నామో చెప్పే డి, ఆర్, జి అక్షరం స్క్రీన్ పైన మరీ చిన్నగా ఉంటుంది, ఆఫ్ చేసి ఆన్ చేసినా పాత మోడే ఉంటుంది, కాబట్టి పరీక్ష హాల్లోకి వెళ్లగానే సైన్ 30 కొట్టండి. సగం వస్తే డిగ్రీ, మైనస్ 0.988 వస్తే రేడియన్, 0.454 వస్తే గ్రేడ్. మార్చడానికి షిఫ్ట్, మోడ్ నొక్కి 3, 4, 5. (ఎక్సెల్‌లో సైన్ ఎప్పుడూ రేడియన్లే అడుగుతుంది, అక్కడ కూడా ఆ మైనస్ 0.988 చూసి కంగారుపడేవాళ్లు చాలామంది.) సైన్యంలో వాడే కోణం యూనిట్ మిల్స్ అసలు లేవు, నాటో లెక్క ప్రకారం చుట్టుకి 6400 కాబట్టి కావాలంటే 0.05625 తో గుణించి డిగ్రీలు చేసుకోవాలి.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) కోసమే కొనాలనుకుంటే మాత్రం వద్దు, అక్కడ స్క్రీన్ మీద వాళ్లిచ్చేదే వాడాలి. డిప్లొమా, బీటెక్, సైట్ పని అయితే కళ్లుమూసుకుని తీసుకోండి, డబ్బులు ఇచ్చే ముందు షాపులోనే 2.255 కొట్టి ఈక్వల్, తర్వాత °′″ నొక్కి చూడండి, 2°15′18″ రావాలి.