కనుమ నాటి కోడి మిగిలితే ఏ నూడుల్స్ కొనాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో కొందరికి కనుమ నాడు, కొందరికి ముక్కనుమ నాడు కోడి తెగుతుంది. గారెలతో నాటుకోడి పులుసును మొదటి పూట తృప్తిగా తింటారు, రెండో పూట ఫరవాలేదంటారు, మూడో పూటకు ఆ గిన్నె వంక ఎవరూ చూడరు. ఆ మిగులును నూడుల్స్ సూప్‌గా మార్చుకోవాలనుకునేవారికి కోడి సంగతి ఎంత ముఖ్యమో, కొట్టు నుంచి తెచ్చే నూడుల్స్ రకం కూడా అంతే ముఖ్యం. మా ఊరి కిరాణా కొట్లలో మూడు రకాలు సులువుగా దొరుకుతున్నాయి: మసాలా పొట్లంతో వచ్చే రెండు నిమిషాల నూడుల్స్, ఏ మసాలా లేకుండా ఎండబెట్టి అమ్మే హక్కా నూడుల్స్, చోడి (రాగి) సేమ్యా. నాలుగోదైన బియ్యపు నూడుల్స్ వెతికితే దొరుకుతాయి. ఈ సంక్రాంతికి నాలుగింటినీ ఒకే కోడిరసంలో వేసి చూశాను. ఈ సమీక్షలో కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే రకంలో ఒక కంపెనీకీ మరొక కంపెనీకీ ఉన్న తేడా స్వల్పం, రకానికీ రకానికీ ఉన్న తేడా మాత్రం నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది.

నూడుల్స్ సంగతికి ముందు రసం సంగతి చెప్పక తప్పదు, ఎందుకంటే రసం సరిగా లేకపోతే ఎంత మంచి నూడుల్స్ కొన్నా డబ్బు దండగే. పండగ మిగులుతో సూప్ చేయమని చెప్పే వంట విధానాలు ఎక్కువగా అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ నవంబరు నెల నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకు టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా ఓవెన్‌లో అలాగే కాలుస్తారు. మాంసం కోసుకుని తిన్నాక మిగిలిన ఎముకల గూడును ఉల్లి, క్యారెట్, సెలరీ కాడలతో నీళ్లలో మరిగించి రసం తీస్తారు. ఆ ఎముకలకు ఉప్పూ మిరియాలూ వెన్నా కాసిని ఆకులూ తప్ప పెద్దగా ఏమీ అంటి ఉండవు కాబట్టి రసం తేటగా వస్తుంది. మన కోడి అలా కాదు. ముక్కలు కొట్టి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరి పట్టించి, చింతపండు పులుసు పోసి ఉడికించిన కోడి అది. ఆ పులుసునే నీళ్లు పోసి పల్చన చేసి అందులో నూడుల్స్ వేస్తే అది పులుసూ కాదు, సూపూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. చింతపండు పులుపుకు మైదా రుచి అసలు నిలవదు.

కాబట్టి సూప్ ఆలోచన ఉన్నవారు పండగ నాడు, కోడికి మసాలా పట్టించకముందే, మెడ, వీపు ఎముకలు, రెక్కల కొసలు, కాళ్లు వేరే గిన్నెలో తీసి పెట్టుకోవాలి. కూరలో ఎలాగూ ఇవి గిన్నె అడుగున మిగిలిపోయే ముక్కలే. ఇక్కడ నాటుకోడికి ఒక మేలు ఉంది. ఈకలు పీకాక కోడిని మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ కాలిన చర్మపు వాసన రసంలోకి దిగి, చర్మం ఒలిచి ఇచ్చే బ్రాయిలర్ కోడితో ఎన్నటికీ రాని రుచిని ఇస్తుంది. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. బ్రాయిలర్ కోడిని ఆరు వారాలు నిండేలోగానే కోస్తారు. పెరట్లో నెలల తరబడి తిరిగిన నాటుకోడిలో కీళ్ల దగ్గరి నరాలూ పొరలూ ముదిరి ఉంటాయి. కూరలో మాంసాన్ని గట్టిగా చేసేవీ అవే, నిదానంగా ఉడికినప్పుడు కరిగి రసాన్ని చిక్కబరిచేవీ అవే.

ఈ ముక్కలను కుక్కర్లో నీళ్లు పోసి, మూత పెట్టకుండా ముందు ఒక పొంగు రానిచ్చి, పైకి తేలిన తెట్టును గరిటెతో తీసేయాలి. తర్వాత సగానికి కోసిన ఉల్లిపాయ, చితక్కొట్టిన అల్లం ముక్క, కొన్ని మిరియాలు, కొత్తిమీర కాడలు వేసి మూత పెట్టి, మొదటి విజిల్ వచ్చాక సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉంచితే చాలు. మామూలు గిన్నెలో నీటి వేడి 100 డిగ్రీలు దాటదు గనుక అదే పనికి మూడు గంటలు పడుతుంది. కుక్కర్లో ఆవిరి ఒత్తిడి వల్ల వేడి సుమారు 120 డిగ్రీల దాకా వెళుతుంది. ఉప్పు ఈ దశలో వేయకూడదు, ఎందుకన్నది నూడుల్స్ దగ్గర చెబుతాను. వడకట్టిన రసాన్ని రాత్రి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి అది గిన్నె వంచినా కారకుండా గడ్డగా ఉంటుంది, గరిటె తగిలితే వణుకుతుంది. పైన పసుపు పచ్చని కొవ్వు బిళ్లలా పేరుకుంటుంది. ఆ బిళ్లను పారేయనక్కరలేదు. అందులోంచి ఒక చెంచాడు తీసి వెల్లుల్లి వేయించుకుంటే సూప్‌కు వేరే నూనె అవసరం ఉండదు.

కూరలో మిగిలిన ముక్కలు కూడా వృథా కావు. పులుసు నుంచి తీసి, వేడినీళ్లలో ఒకసారి ముంచి మసాలా కడిగేసి, ఎముక నుంచి మాంసాన్ని చేత్తో పీచులుగా విడదీసి పక్కన ఉంచుకోవాలి. దీన్ని రసంతోపాటు మరిగించకూడదు. ఒకసారి ఉడికి చల్లారిన కోడిమాంసాన్ని మళ్లీ ఎక్కువసేపు మరిగిస్తే దాని కొవ్వు నుంచి ఒక రకమైన పాత వాసన వస్తుంది. అందుకని వడ్డించే ముందు మరుగుతున్న రసంలో వేసి, లోపలి దాకా పొగలు వచ్చేలా వేడెక్కగానే దించేయాలి.

ఇక నూడుల్స్. నాలుగింటిలోనూ నేను మళ్లీ మళ్లీ కొనబోయేది హక్కా రకమే. కోల్‌కతాలో స్థిరపడిన హక్కా చైనీయుల వంట నుంచి దేశమంతా పాకిన ఈ నూడుల్స్‌లో మైదా, ఉప్పు, కొద్దిగా నూనె తప్ప చెప్పుకోదగినవేమీ ఉండవు. నేను తెచ్చిన ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉంది, అంటే గుడ్డు లేదు. గుడ్డు నూడుల్స్‌కు ఉండే సాగే గుణాన్ని వీటి నుంచి ఆశించకూడదు. 150 గ్రాముల ప్యాకెట్ ముప్పై నలభై రూపాయల్లో వస్తుంది, సూప్‌లోకి ముగ్గురికి సరిపోతుంది. నూనెలో వేయించి ఎండబెట్టిన రకం కాకపోవడం వీటి అసలు బలం. వేయించిన నూడుల్స్ తీగ నిండా సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి రసాన్ని ఒక్కసారిగా పీల్చేసి ఉబ్బిపోతాయి. హక్కా తీగ నిదానంగా పీలుస్తుంది, గిన్నె ఖాళీ అయ్యేదాకా తన ఆకారం నిలుపుకుంటుంది.

అయితే వీటిని నేరుగా రసంలో వేయకూడదు. నూడుల్స్ నుంచి ఊడే పిండి రసాన్ని గంజిలా చేస్తుంది, అంత శ్రమపడి తీసిన తేటదనం పోతుంది. ఒక ప్యాకెట్‌కు లీటరున్నర నీళ్లు వేరే గిన్నెలో మరిగించి, నాలుగు నిమిషాలు కాగానే ఒక తీగను బయటికి తీసి గోటితో తుంచి చూడాలి. మధ్యలో తెల్లని చుక్క దాదాపుగా మాయమై, ఆనవాలు మాత్రమే మిగిలినప్పుడు దించడానికి అదే అదను. పూర్తిగా మాయమయ్యేదాకా ఆగితే, తర్వాత వేడి రసంలో పడ్డాక మరింత ఉడికి మెత్తబడిపోతాయి. చిల్లుల గిన్నెలో వంపి, చన్నీళ్లు పోసి, నాలుగు చుక్కల నూనె రాసి ఉంచితే వడ్డించేదాకా అతుక్కోవు. నూడుల్స్‌లోనే ఉప్పు ఉంటుంది, కూర నుంచి తీసిన మాంసంలోనూ ఉంటుంది. అందుకే రసంలో ఉప్పు గిన్నెలన్నీ సిద్ధమయ్యాక, రుచి చూసి వేయాలన్నాను. ఈ రకంలో నా ఫిర్యాదు ఒక్కటే. కొన్ని ప్యాకెట్లు కొట్టుకు చేరేలోపే నలిగి, అడుగున సగం నూకగా మారి ఉంటాయి. కొనేముందు ప్యాకెట్‌ను వెలుతురులో పెట్టి చూసుకోవడం మంచిది.

రెండు నిమిషాల నూడుల్స్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పిల్లలు వాటికే మొగ్గు చూపుతారు, కానీ ఆ పొట్లంలోని ఉప్పూ మసాలా పడ్డాక నాటుకోడి రసమైనా కుళాయి నీళ్లయినా ఒకటే. పొట్లం పక్కన పడేసి ఉత్త నూడుల్స్ మాత్రం వేసి చూశాను. అయిదు నిమిషాల్లో రసమంతా అవే పీల్చేశాయి. బియ్యపు నూడుల్స్ రుచిలో రసానికి అడ్డు రావు, మరిగించే పని లేకుండా వేడినీళ్లలో నానితే చాలు. కడుపుకు తేలికగా ఉండాలనుకునే పెద్దవాళ్లకు అవే మేలు.

చోడి సేమ్యా మీద నాకు చాలా ఆశ ఉండేది. మా గజపతి జిల్లాలో చోళ్లు కొత్త పంట కాదు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకాన్ని మొదలుపెట్టిన తొలి జిల్లాల్లో ఇదీ ఒకటి. కానీ చోళ్లలో గోధుమకు ఉండే జిగురు లేకపోవడం వల్ల ఆ సేమ్యా రసంలో పడగానే తునకలవుతుంది, రసం బురద రంగుకు తిరుగుతుంది. దాన్ని ఉప్పునీళ్లలో తడిపి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, పొడిగా కంచంలో పెట్టుకుని పైన రెండు గరిటెల రసం పోసుకుంటే మాత్రం ఎంతో బాగుంది. అది సూప్ అనిపించుకోదు, అయినా మా ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చింది అదే. హక్కా నూడుల్స్ గిన్నె ముందు పెట్టినప్పుడు మా అత్తగారు మాత్రం, "ఏటమ్మా, ఇది పండగ కూరా, జ్వరం పత్యమా?" అని, పక్కన ఉల్లికారం వేయించుకుని తిన్నారు.

ఆవిడ చేసింది నిజానికి సరైన పనే. ఈ జిల్లాలో నూడుల్స్ సూప్‌కు కొలబద్ద ఏదైనా ఉంటే అది చంద్రగిరి టిబెటన్ శిబిరంలో దొరికే తుక్పా. 1963లో ఏర్పడిన ఆ శిబిరానికి దగ్గర్లోని జిరంగో బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించిన తర్వాత అటు వెళ్లే యాత్రికులు పెరిగారు, వారితోపాటు తుక్పా రుచి తెలిసినవారూ పెరిగారు. అక్కడి చిన్న హోటళ్లలో రసం చప్పగా, తేటగా ఉంటుంది. కారం చట్నీని విడిగా ఇస్తారు, ఎవరికి కావలసినంత వారు కలుపుకుంటారు. మన చేయి కారం ముందే వేయాలని లాగుతుంది, ఆ చేతిని అదుపులో పెట్టుకోవాలి. అక్కడి చేతి నూడుల్స్ మందానికి కొట్టు హక్కా నూడుల్స్ సాటి రావు, అది ఒప్పుకోవలసిందే. రసం విషయంలో మాత్రం, కాల్చిన నాటుకోడి ఎముకలతో ఇంట్లో తీసినదే ఒక మెట్టు పైన ఉందని నాకు అనిపించింది. వడ్డించేటప్పుడు ఉల్లికాడలు, సన్నగా తరిగిన క్యాబేజీ, మిరియాల పొడి, నిమ్మచెక్క ఉంటే చాలు. సోయా సాస్ వేస్తే రసం రంగూ రుచీ రెండూ దాని కిందికి పోతాయి.

మిగులు అన్న మాట ఉంది కాబట్టి నిల్వ గురించి కూడా చెప్పాలి. జనవరి చలిని నమ్ముకుని పులుసు గిన్నెను రాత్రంతా పొయ్యి మీదే వదిలేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఉడికిన కోడి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, వేడి రసమైతే వెడల్పాటి గిన్నెల్లో పోసి త్వరగా చల్లార్చాలి. అక్కడి నుంచి మూడు, నాలుగు రోజుల్లో వాడేయాలి. తలుపు తీయకపోతే కరెంటు పోయాక కూడా నాలుగు గంటలపాటు ఫ్రిజ్ చల్లదనం నిలుస్తుంది, అంతకు మించి పోతే లోపలి మాంసాన్ని తినకపోవడమే మంచిది. నూడుల్స్ ఉడికించి నిల్వ చేయడం కంటే ఏ పూటకా పూట ఉడికించుకోవడం మేలు, రసాన్ని మాత్రం డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలైనా ఉంచుకోవచ్చు.

హక్కా నూడుల్స్‌కు ఈ పనిలో నేను అయిదుకు నాలుగు ఇస్తాను, చోడి సేమ్యాకు మూడు, బియ్యపు రకానికీ మూడే. పండగ వారంలో మా బజారులో సరుకు అయిపోతే పాతపట్నం కొట్లలో చూడవచ్చు, పొలిమేర దాటితే చాలు. బియ్యపు నూడుల్స్ కావలసినవారు మాత్రం బరంపురం నుంచి వచ్చేవారికి ముందే చెప్పి తెప్పించుకోవాలి.