పాత అంబాసిడర్‌కి గట్టి వాల్వు సీట్లు: ఏళ్ల తరబడి వాడాక

మీ దగ్గర 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్ ఉంటే, వాల్వుల పనిలో మొదటి రూపాయి ఎగ్జాస్ట్ సీట్లకే, అంటే పొగ బయటికి వదిలే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులకే పెట్టండి. మా మార్క్ 2 కి ఆ పని చేయించి చాలా ఏళ్లయింది. విజయవాడ ఎండల్లో, హైదరాబాద్ హైవే మీద, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కిస్తూ వాడాకే ఈ మాట చెబుతున్నాను.

ఈ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోది. సీట్లు విడిగా ఉండవు, హెడ్ పోత ఇనుములోనే కోసి ఉంటాయి. వాల్వుకీ సీటుకీ మధ్య సీసమే పల్చని పొరగా నిలిచి కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ పొర లేనప్పుడు కాగిపోయిన ఎగ్జాస్ట్ వాల్వు సీటుకి అంటుకుని, లేచినప్పుడల్లా రవ్వంత ఇనుమును పీక్కుపోతుంది. సీటు క్రమంగా లోపలికి దిగుతుంది.

దీన్ని చెవితో పట్టుకోవడం కష్టం. అరిగిన ఇంజిన్‌లో మామూలుగా టాపెట్ చప్పుడు పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది! సీటు దిగిన కొద్దీ వాల్వు కాడ రాకర్ (వాల్వును నొక్కే మీట) వైపు జరిగి, రెంటి మధ్య ఉండాల్సిన 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) గ్యాప్ మూసుకుపోతుంది. ఇంజిన్ మెత్తబడిందని సంబరపడేలోపు, పూర్తిగా మూసుకోని వాల్వు అంచు కాలిపోతుంది. మా బండిలో నాలుగు, ఐదు నంబరు వాల్వులకే గ్యాప్ ఎక్కువగా తగ్గేది. రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే దారిన పోతుంది కనుక అక్కడ వేడి ఎక్కువ.

ఆటోనగర్‌లో హెడ్ దించి, ముందు పగుళ్లు లేవని చూసుకుని, నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకీ గట్టి స్టీలు రింగులు వేయించాను. వాల్వు కాడ జారే గైడ్లు, అక్కడ ఆయిల్ దిగకుండా ఆపే సీళ్లు కూడా అప్పుడే కొత్తవి వేయించాను. ఇన్‌లెట్ వాల్వుల్ని లోపలికొచ్చే పెట్రోలు గాలే చల్లారుస్తుంది, వాటికి రింగులు అక్కర్లేదు. పనిమంతుడైన లేత్ మేస్త్రిని వెతికి మరీ ఇవ్వండి. లోతు ఎక్కువ కోస్తే నీళ్ల జాకెట్ (హెడ్‌ను చల్లబరిచే నీళ్ల దారి) తగులుతుంది. బిగుతు చాలకపోతే రింగు ఊడి పిస్టన్ మీద పడుతుంది.

ఆ తర్వాత గ్యాప్ దాదాపు కదల్లేదు. ఘాట్ దిగేటప్పుడు వచ్చే నీలి పొగ పోయింది, ఐడ్లింగ్ నిలకడగా ఉంది. పికప్ మాత్రం పెరగలేదు, పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండో ఖర్చు రాకర్లు ఊగే రాకర్ షాఫ్ట్ మీద పెట్టాలి. షాఫ్ట్ అడుగువైపు అరుగుతుంది, వాల్వును తాకే రాకర్ మూతికి గుంట పడుతుంది. గ్యాప్ కొలిచే రేకు, అంటే ఫీలర్ గేజ్, ఆ గుంటను దాటి అంచుల మీదే ఆనుతుంది కాబట్టి ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా అసలు గ్యాప్ ఎక్కువే ఉండిపోతుంది. షాఫ్ట్, బుష్‌లు మార్చి, మూతులు సాఫు చేయించాకే మా బండి టకటక పోయింది.

వాల్వులకి గట్టి స్ప్రింగులు వేయమని చాలామంది సలహా ఇస్తారు. కారు ఇంజిన్ మామూలుదే అయితే వద్దు. ఇది 4,500 ఆర్పీఎం దాటి తిరగాల్సిన పనే లేదు, అదనపు ఒత్తిడి అంతా వాల్వుల్ని నడిపే క్యామ్ మీదా, దాని మీద ఆని కదిలే టాపెట్ల మీదా పడుతుంది. క్యామ్ మారిస్తే మాత్రం టాపెట్లూ కొత్తవే వేయండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం అరుగుదల తగ్గించే జింక్ బాగా ఉన్న 20డబ్ల్యూ-50 వాడండి.

వాల్వు గ్యాప్ సెట్టింగ్‌కి తొమ్మిది లెక్క గుర్తుంటే చాలు, రెండు నంబర్లూ కలిపితే తొమ్మిది రావాలి: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది.