మా ఊరి అంగన్‌వాడీ: ఒక అమ్మమ్మ అనుభవం

కొండపి దగ్గర ఒక పల్లెలో ఉంటున్న నేను మా మనవరాలిని ఏడాదిగా ఊరి అంగన్‌వాడీకి పంపుతున్నాను. కూతురూ అల్లుడూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నందున నాలుగేళ్ల ఆ పిల్లా, ఏడాదిన్నర పిల్లవాడూ నా దగ్గరే పెరుగుతున్నారు. నాకు అరవై ఆరేళ్లు. మా ఊళ్లో నావంటివారు చాలామందే ఉన్నారు. పొగాకు రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలైతే తల్లులు తెల్లవారకముందే చేలకు పోతారు కనుక, పిల్లల చెయ్యి పట్టుకొని కేంద్రానికి వచ్చేవారిలో ఎక్కువమంది అమ్మమ్మలూ నాయనమ్మలే.

ముందుగా భోజనం సంగతి చెప్పాలి. ఇంట్లో పచ్చసొన ముట్టని మా పిల్ల అక్కడ గుడ్డంతా తింటున్నదంటే నమ్మలేక ఒకనాటి మధ్యాహ్నం వెళ్లి చూశాను. ఆయా గుడ్డు వలిచి, పచ్చసొనను వేళ్లతో చిదిపి ఆకుకూర పప్పన్నంలో కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరుసగా పెట్టి, "ఎవరి ముద్దలు ముందు అయిపోతాయో చూద్దాం" అన్నది. పక్కపిల్ల కంటే ముందే మా పిల్ల కంచం ఖాళీ అయింది. ఇన్నేళ్లు పిల్లల్ని పెంచిన నాకు ఆ ఉపాయం తోచలేదు.

చిన్నవాడికి ఇంటికి బాలామృతం అనే పోషకాహార పొడి, గుడ్లు, పాలు ఇస్తారు. నెలనెలా తూకం వేస్తారు. కిందటి నెల విరేచనాలు పట్టడం వల్ల బరువు పెరగలేదని టీచరు గమనించి, వాడి జబ్బకు రంగుల పట్టీ చుట్టి చూపించారు. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5కు లోపైతే ఎరుపు, ఎరుపు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పారు. మావాడిది 12.8. పిల్లవాడు చిక్కిపోయాడేమోనని కూతురు ఫోన్‌లో బెంగపడినప్పుడు ధైర్యం చెప్పడానికి నాకిప్పుడు ఒక అంకె దొరికింది.

ఒక విషయంలో మాత్రం చాలా బాధపడ్డాను. ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశాక, పేరు నమోదైన తల్లి ఊళ్లో లేదన్న కారణంతో రెండు నెలలు నన్ను ఉత్తచేతులతో పంపారు. మూడో నెలలో నా పేరు చేర్చారు. అది మొదటిరోజే చేసి ఉండవలసింది. ఈ కేంద్రాలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం 1975లో మొదలైనప్పటి నుంచీ ప్రధానంగా ఆరేళ్లలోపు పిల్లలనూ, గర్భిణులనూ, బాలింతలనూ లెక్కలోకి తీసుకున్నదే గాని, పిల్లను చంకనేసుకొని వచ్చే ముసలివారిని తలచుకోలేదు.

ఆ సంగతి కేంద్రం గుమ్మంలోనే తెలుస్తుంది. మెట్లు మూడే అయినా మోకాలెత్తు ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. మెట్ల పక్కన ఒక ఇనుప కమ్మీ, వరండాలో కూర్చోవడానికి ఒక బల్ల వేయించమని అర్జీ రాసి, నాతోపాటు వచ్చే పదకొండుమంది చేత సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి మొన్న సోమవారం పంచాయతీలో ఇచ్చాను.