మిల్క్ కాటన్ ఉండ: బొమ్మకు భేష్, బట్టకు వద్దు

పేరులో పాలున్నా ఉండలో ఉండవు. క్రోషే బొమ్మలు అల్లేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా అడిగే 50 గ్రాముల మిల్క్ కాటన్ ఉండల్లో చాలావాటి లేబుల్ మీద ఉండేది పత్తి, యాక్రిలిక్ మిశ్రమమే. 60-40 పాళ్ళు తరచు కనిపిస్తాయి. కొన్నిట్లో పాలియెస్టర్ కూడా కలుస్తుంది. పాలలోని కేసీన్ ప్రోటీన్‌తో నూలు తీయడం అబద్ధమేమీ కాదు. 1930ల్లో ఇటలీలో ఆంటోనియో ఫెర్రెట్టి అలాంటిది తయారుచేశాడు, లానిటాల్ పేరుతో అమ్మారు కూడా. ఫ్యాన్సీ షాపులో దొరికే మిల్క్ కాటన్‌కు మాత్రం ఆ పేరు మెత్తదనం వల్ల నిలిచిందనుకుంటే చాలు.

లేబుల్ లేని ఉండ చేతికొస్తే కాల్చి చూడొచ్చు. ఐదు సెంటీమీటర్ల ముక్కను పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద, పక్కన నీళ్ళు పెట్టుకుని వెలిగించాలి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. యాక్రిలిక్ ముడుచుకుని కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. మిశ్రమమైతే బూడిదలో గట్టి పలుకులు తగులుతాయి. వెంట్రుక కాలిన కంపు కొడితేనే అందులో ప్రోటీన్ నూలు ఉన్నట్టు. మిల్క్ కాటన్‌లో ఆ కంపు వస్తే ఆశ్చర్యపోవాల్సిందే.

అల్లేటప్పుడు దీంతో మొదటి పేచీ చీలడం. సన్నని పోగులు చాలా కలిపి, పురి తక్కువగా పెట్టి చుడతారు. ఆ మెత్తదనమంతా అక్కడినుంచే వస్తుంది, చిక్కు కూడా అక్కడినుంచే. మొన సన్నగా ఉన్న క్రోషే సూది పోగుల మధ్య దూరిపోయి సగం దారాన్నే లాగుతుంది. అలా చీలిన కుట్టు అప్పటికి కనపడదు కానీ బొమ్మలో దూది కూరాక అక్కడే నూగు లేస్తుంది. కాబట్టి తల గుండ్రంగా, నున్నగా ఉన్న సూది తీసుకోవాలి. సూదుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానికి తల కాడతో సమానంగా, దారం పట్టే గంటు లోతుగా చెక్కినట్టు ఉంటుంది. ఇంకోదానికి మెడ సన్నబడి తల కొంచెం ముందుకు వస్తుంది. చీలే దారానికి రెండోదే నయం, దారం గంటులోకి జారి కూర్చుంటుంది. మొదటి రకం కుట్ల ఎత్తును సమంగా ఉంచుతుందనేది నిజమే, కానీ ఆ లాభం యాక్రిలిక్ ఊలుతో ఎక్కువ.

ఇంకో సంగతి, విప్పి మళ్ళీ అల్లడం దీనికి పడదు. ఒకసారి విప్పితే పర్వాలేదు. రెండోసారికి పురి ఇంకా వదులై పోగులు విడివిడిగా వేలాడతాయి. కొత్త నమూనా నేర్చుకునేటప్పుడు చవక యాక్రిలిక్‌తో ఒకసారి అల్లి చూసుకుని, తర్వాత దీన్ని పట్టుకోవడం మంచిది. ఉండను లోపలి కొస నుంచి లాగొద్దు, పేగులన్నీ బయటపడ్డట్టు ఒక ముద్ద వస్తుంది. బయటి కొస నుంచే, ఉండను ఒక గిన్నెలో పెట్టి తీసుకోవాలి.

బొమ్మలకు 2.5 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. వృత్తంలో 6 సింగిల్ క్రోషేలతో (మామూలు పొట్టి కుట్లతో) మొదలుపెట్టి, వరుసకు ఆరు చొప్పున 12, 18, 24, 30, 36కు పెంచి, కొన్ని వరుసలు పెంచకుండా నడిపి, మళ్ళీ అదే లెక్కన తగ్గిస్తే సుమారు 5 సెంటీమీటర్ల వ్యాసమున్న బంతి తయారవుతుంది. చెయ్యి బిగువును బట్టి అటూఇటూ అవుతుంది. 3.5 సూదితో అల్లితే పని తొందరగా సాగుతుంది, కుట్ల సందుల్లోంచి తెల్లటి దూది తొంగిచూస్తుంది. ముదురు రంగుల్లో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దారాన్ని సూది మీదుగా చుట్టి లాగే బదులు, సూదిని దారం మీదికి తెచ్చి కిందినుంచి లాగితే కుట్టు ఇంటూ గుర్తు ఆకారంలో పడుతుంది, అల్లిక మరింత బిగుస్తుంది. తగ్గించేటప్పుడు రెండు కుట్ల ముందు పోగుల్లోనే సూది గుచ్చి కలిపేస్తే గుంటలు కనపడవు. ఈ రెండు అలవాట్లతో మిల్క్ కాటన్ బొమ్మ నున్నగా వస్తుంది. అదే పని బొచ్చుండే ఊలుతో చేస్తే కుట్ల అందమంతా బొచ్చులో పోతుంది.

ఇక ఈ దారాన్ని కొనడానికి అసలు కారణం, రంగులు. ఉండ చిన్నది కాబట్టి కొద్దికొద్దిగా చాలా రంగులు తెచ్చుకోవచ్చు. రంగు మీద జిగి ఉండదు, పైన పొడి చల్లినట్టు మెత్తగా కనిపిస్తుంది. దీనికి కారణముంది. పత్తికి పట్టే రంగు వేరు, యాక్రిలిక్‌కు పట్టే రంగు వేరు. ఒకే దారంలో రెండు రకాల పోగులు రెండు రకాల రంగులను పీల్చుకుంటాయి. ఆ చిన్న తేడానే కంటికి మెత్తదనంగా తోస్తుంది. లేత రంగుల్లో ఇది హాయిగా ఉంటుంది. ముదురు నలుపులో, నేవీ బ్లూలో మాత్రం కొంచెం వెలిసినట్టు కనిపిస్తుంది. నిగనిగలాడే నలుపు కావాలంటే ఇది వద్దు.

రంగులు కలపడంలో చాలామంది తప్పు చేసేది రంగు పేరు చూసి ఎంచుకోవడంలో. చీర అంచుకు వంగపండు రంగు మీద చిలకపచ్చ నప్పుతుంది, ఎందుకంటే ఒకటి ముదురు, ఒకటి లేత. ఎరుపు, ఆకుపచ్చ రెండూ మధ్యస్థపు ముదురులో ఉంటే మాత్రం ఉండలు పక్కపక్కన పెట్టినప్పుడు జోడీ అదిరిపోతుంది, డిజైన్ అల్లికలో పెట్టగానే గీతలు కలిసిపోతాయి. తేల్చుకునే మార్గం సులువు. అనుకున్న ఉండలన్నీ వరుసగా పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి, దాన్ని నలుపు-తెలుపు చేయాలి. రెండు ఉండలు ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ రెండింటినీ ఒకే డిజైన్‌లో పక్కపక్కన పెట్టొద్దు. మూడు రంగులతో పని అయితే ఒకటి బాగా లేత, ఒకటి బాగా ముదురు, ఒకటి మధ్యలో ఉండేలా చూసుకుంటే దాదాపు ఎప్పుడూ పని చెడదు.

రెండు పోగులు కలిపి అల్లే పద్ధతి ఈ దారానికి సరిగ్గా సరిపోతుంది, పెద్దగా ఎవరూ వాడుకోరు ఎందుకో. ఐదు రంగుల ఉండలుంటే, ఒక్కో రంగును దానితో అదే జతచేస్తే ఐదు, వేర్వేరు రంగులను జతచేస్తే పది, మొత్తం పదిహేను ఛాయలు వస్తాయి. లేత పసుపు రెండు పోగులు, తర్వాత లేత పసుపు ఒకటి నారింజ ఒకటి, తర్వాత నారింజ రెండు, ఆపై నారింజ ఒకటి ఎరుపు ఒకటి, చివర ఎరుపు రెండు. ఇలా వరుసలు మార్చుకుంటూ పోతే బంతిపూల దండలా రంగు మెల్లగా జారుతుంది. దీనికి 4 లేదా 4.5 మిల్లీమీటర్ల సూది కావాలి. దగ్గరి రంగులైతే కలిసి కొత్త రంగులా కనిపిస్తాయి. తెలుపు, నలుపు లాంటి దూరపు రంగులైతే మిరియాలు చల్లినట్టు చుక్కలు పడతాయి. అదీ బాగుంటుంది, కానీ అనుకుని చేయాలి.

రంగు మార్చేటప్పుడు పాత రంగుతో కుట్టు పూర్తిచేసి తర్వాత కొత్తది అందుకుంటే మార్పు ఒక కుట్టు పక్కకు జరిగి మెట్టులా కనిపిస్తుంది. పాత రంగు చివరి కుట్టులో సూది మీద రెండు లూపులు మిగిలినప్పుడే కొత్త దారాన్ని లాగి ముగించాలి. వాడని దారాన్ని కుట్ల లోపల మోసుకుపోయే అల్లికలో లేత రంగు కింద ముదురు దారం దాక్కోదు, నీడలా కనిపిస్తుంది. బిగువుగా అల్లితే తగ్గుతుంది కానీ పోదు. తెల్ల నేల మీద నల్ల డిజైన్ అనుకునేవాళ్ళు దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

రంగు దిగడం గురించి షాపుల్లో రకరకాలుగా చెబుతారు. మిశ్రమంలో యాక్రిలిక్ భాగం రంగును గట్టిగా పట్టుకుంటుంది. దిగితే దిగేది పత్తి భాగంలోది, అదీ ఎరుపు, మెరూన్, ముదురు నీలాల్లో. పావు మీటరు దారాన్ని గోరువెచ్చని సబ్బు నీళ్ళలో తడిపి, తెల్ల గుడ్డ ముక్కలో చుట్టి, అరగంట బరువు కింద పెడితే తేలిపోతుంది. గుడ్డకు మరక అంటితే ఆ రంగును తెలుపు పక్కన వాడొద్దు. వెనిగర్‌లో, ఉప్పులో నానబెడితే రంగు నిలుస్తుందనే మాటను నమ్మొద్దు. ఉప్పు రంగద్దేటప్పుడు పనికొస్తుంది, అద్దిన తర్వాత కాదు. వెనిగర్ పని ఉన్ని, పట్టులకు. పత్తి దారంలో పైపైన మిగిలిన రంగు పోవాలంటే అల్లకముందే నీళ్ళు తేటపడేదాకా జాడించడం తప్ప దారి లేదు. అలా చేయాలంటే ఉండను లచ్చాగా విప్పి నాలుగు చోట్ల వదులుగా కట్టాలి, లేకపోతే మిగిలేది చిక్కే.

బట్టలకు ఎందుకు వద్దంటున్నామంటే, ముందు బరువు. పెద్దవాళ్ళ టాప్ ఒకటి అల్లాలంటే ఎనిమిది, పది ఉండలు పట్టొచ్చు, అంటే దాదాపు అర కిలో. భుజాల మీద వేలాడే కొద్దీ కుట్లు కిందికి సాగి నెల తిరిగేసరికి టాప్ కాస్తా కుర్తీ అవుతుంది. చంక దగ్గర రాపిడికి పోగులు లేచి గింజలు కడతాయి. ఉండ చిన్నది కాబట్టి అతుకులు కూడా ఎక్కువ. ఒక్కో ఉండకు రెండు కొసలు, ఒక్కో కొసను 15 సెంటీమీటర్లు వదిలి, పెద్ద కన్ను సూదితో మూడు దిక్కులకు మళ్ళించి దాచాలి. ఒకే దిక్కుకు దాచిన కొస ఈ నున్నటి దారంలో నాలుగు ఉతుకులకు బయటికి వస్తుంది. వానాకాలంలో ఆరడం ఇంకో తంటా, తీగ మీద వేస్తే సాగుతుంది, పరిస్తే రెండు రోజులు.

ఎండాకాలపు టాప్‌కు సన్నని మెర్సరైజ్డ్ పత్తి దారం తీసుకోవడం మేలు. పత్తిని కాస్టిక్ సోడాలో ముంచితే పోగు ఉబ్బి గట్టిపడుతుందని, రంగు ఎక్కువ పడుతుందని కనిపెట్టి 1850లో పేటెంట్ తీసుకున్నది ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్. పట్టులాంటి మెరుపు మాత్రం 1890 ప్రాంతంలో హొరేస్ లో (Lowe) అనే ఆయన ఆ పని చేసేటప్పుడు నూలును బిగించి పట్టాకే వచ్చింది. దాని ఉండల మీద 10, 20, 40 అనే అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు సన్నని పత్తి దారంతోనే నడిచే పని. అందులో తెలుపు మీద తెలుపు కాబట్టి రంగు తప్పును దాచదు, కుట్టు సమంగా ఉందా లేదా అన్నదే కనిపిస్తుంది. చెయ్యి కుదరాలంటే ఆ దారంతో నాలుగు పువ్వులు అల్లడం కంటే మంచి పాఠం లేదు. మిల్క్ కాటన్ అంత నిక్కచ్చి కాదు, తప్పుల్ని కొంచెం కప్పుకుంటుంది.

వేడి గిన్నెల కింద వేసే చాపలకు ఇదీ వద్దు, యాక్రిలిక్ అసలే వద్దు. పొయ్యి మీంచి దించిన గిన్నె వేడికి యాక్రిలిక్ పోగులు మెత్తబడి అతుక్కుంటాయి. ఇస్త్రీ పెట్టినా అంతే, అల్లిక చచ్చుబడి గుడ్డపేలికలా జారిపోతుంది, మళ్ళీ మామూలు కాదు. అక్కడ నూరుపాళ్ళ పత్తే కావాలి. దుప్పటికి మాత్రం 100 గ్రాముల ఫోర్ ప్లై (నాలుగు పోగుల) యాక్రిలిక్ ఊలే లాభం, తేలిక, చవక, ఎండకు వెలవదు. ఒక గ్రానీ చదరం (మధ్యనుంచి చుట్టూ అల్లే చదరపు ముక్క) అల్లి వంటింటి కాటాలో తూచి, చదరాల సంఖ్యతో గుణించి, అతుకులకు అంచులకు పదో వంతు కలుపుకుంటే కొనాల్సిన బరువు తెలుస్తుంది. చదరం మరీ తేలికైతే నాలుగు కలిపి తూచాలి, కాటా ఒక గ్రాముకు తక్కువ చూపదు.

ధర పోల్చేటప్పుడు గ్రాములు చూస్తే మోసపోతాం, మీటర్లు చూడాలి. లేబుల్ మీద పొడవు లేకపోతే 20 మీటర్లు కొలిచి తూచి లెక్క కట్టుకోవాలి. ఒకే రంగు రెండు ఉండలు కావాలంటే లేబుల్ మీద లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగద్దిన విడత నంబరు, ఒకటేనా చూడాలి. రంగు నంబరు ఒకటై లాట్ వేరైతే ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించి, వరండాలోకి రాగానే గీత గీసినట్టు తేడా తేలుతుంది. తప్పనిసరైతే రెండు ఉండలను వరుసకొకటి చొప్పున మార్చి మార్చి అల్లితే ఆ గీత చెదిరిపోతుంది. ఆన్‌లైన్లో స్క్రీన్ మీది రంగును నమ్మి ఒకేసారి పది ఉండలు తెప్పించుకోవద్దు, గులాబీ, పీచ్ రంగులు బాగా మోసం చేస్తాయి.

ఇరవై నాలుగు రంగుల కాంబో ప్యాకులు చూడముచ్చటగా ఉంటాయి. ఒక్కో చుట్ట 10 గ్రాములో 20 గ్రాములో అయితే బొమ్మ ఒంటికి చాలదు, కళ్ళకు, చెవులకు, పువ్వులకు పనికొస్తుంది. ప్యాకుతో వచ్చే సన్నని అల్యూమినియం సూదిని పక్కన పెట్టి, మంచి 2.5 సూది ఒకటి విడిగా కొనుక్కోవాలి. దాంతోపాటు వచ్చే ప్లాస్టిక్ కళ్ళను మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మకు పెట్టొద్దు. ఈ దారం అల్లిక సాగితే వెనక బిళ్ళ ఊడి కన్ను చేతిలోకి వస్తుంది. నల్ల దారంతో కుట్టిన కన్నే మేలు.